ఏ సీలు గట్టిది?

పోయిన వారం బుజ్జమ్మని గోదాము మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. ఒక చేతిలో ఆఫీసు ఫైలు, చంకలో సీళ్ల నమూనాల అట్టపెట్టె, ఎదురుగా వాళ్ల మావయ్య. ఆయన నడుముకున్న తాళాల గుత్తి విప్పి, చొక్కా అంచుతో ఒక్కొక్క తాళంచెవినీ శుభ్రంగా తుడుస్తున్నాడు. ఇరవై రెండేళ్లు మోసిన తాళాలు సాయంత్రం నాలుగింటికి అక్కకి అప్పగించాలి కదా, మురికితో ఇస్తే బాగుండదని ఆయన బాధ.

కథలోకి ఆలస్యంగా వచ్చిన వాళ్లకి సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, పాతవాళ్లు కాస్త ఓర్చుకోండి. బుజ్జమ్మ వాళ్లమ్మది సరుకు రవాణా వ్యాపారం. నాలుగు లారీలు, కింద గోదాము, పైన ఒకే ఒక్క ఆఫీసు గది. గోదాము చూసేది అమ్మకి సొంత తమ్ముడు. బుజ్జమ్మకి మేనమామ అయిన పాపానికి ఆయన అందరికీ మావయ్యే అయిపోయాడు, ఆయనకంటే ఐదేళ్లు పెద్దయిన డ్రైవరుకి కూడా. వీళ్లు మోసే సరుకులో సగానికి పైగా ఒక పెద్ద కళ్లజోళ్ల కంపెనీ వాళ్ల ఫ్రేములు. రెండు నెలల్లో ఆ కంపెనీకి వెళ్లిన మూడు లోడుల్లో రెండేసి పెట్టెలు తగ్గాయి. చిత్రమేమిటంటే మూడుసార్లూ లారీ తలుపు మీద సీలు వేసింది వేసినట్టే ఉంది.

సీలు తెగలేదంటే దారిలో ఎవరూ తలుపు తీయలేదు. దారిలో తీయలేదంటే పెట్టెలు అసలు లారీ ఎక్కనేలేదు. పెట్టెలు లెక్కపెట్టి ఎక్కించేదీ, తలుపు మూసి సీలు వేసేదీ మావయ్య ఒక్కడే. కాబట్టి దొంగ మావయ్య. ఇంత చక్కగా వరసపెట్టి తేల్చింది ఎవరంటే, అటువైపు కంపెనీలో సరుకు అందుకునే అధికారి. కనిపించిన ప్రతి కాగితాన్నీ ముక్కుకి ఆనించుకుని చదువుతాడని గోదాములో ఆయనకి భూతద్దం అని పేరు పెట్టుకున్నారు. ఆ భూతద్దంగారు పెట్టిన గడువే ఇవాళ నాలుగు గంటలు. పెట్టెలు తీసింది మా గోదాము మనిషేనని అమ్మ రాసివ్వాలి, ఆ మనిషిని పంపించేయాలి, తలుపులకి కొత్త రకం సీళ్లు వేయాలి. మూడూ జరిగితేనే కంపెనీ సరుకు ఇక మీదట కూడా ఈ లారీలు ఎక్కుతుంది.

బుజ్జమ్మ చదువు ముగించి ఈ ఆఫీసులో కూర్చుని మూడు నెలలే అయింది. ఆమెకి మిగతా రెండు షరతులతో పని లేదు, మూడోదాని మీదే ఆశంతా పెట్టుకుంది. లోకంలో అన్నిటికంటే గట్టి సీలు తెచ్చి చూపిస్తే భూతద్దం మెత్తబడి మావయ్య జోలికి రాడేమోనని సీళ్లు అమ్మే ఆయన్ని తనే పిలిపించింది. చిన్నప్పుడు లారీ నంబరు చదవలేక తడుముకుంటుంటే, ఈ పిల్లకి కళ్లజోడు కావాలని ఇంట్లో అందరికంటే ముందు కనిపెట్టినవాడు మావయ్య. ఆయన దొంగంటే ఆమెకి మింగుడు పడదు, చచ్చినా పడదు.

పైన అందరి ముందూ ఒక్క మాటైనా గట్టిగా మాట్లాడమని ఆమె బతిమాలింది. ఆయన తాళంచెవి తుడవడం ఆపలేదు.

"నూట ఇరవై పెట్టెలు లెక్కపెట్టాను. నూట ఇరవై ఎక్కించాను. నా దగ్గర ఉన్న మాట అదే బుజ్జమ్మా, గట్టిగా అన్నా మెల్లగా అన్నా అదే."

ఇక చేసేదేముంది, ఇద్దరూ మెట్లెక్కారు.

ఆఫీసు గది చిన్నది. ఒకదానికొకటి పొంతన లేని ఐదు కుర్చీలు, తిరిగినప్పుడల్లా టిక్కుమనే ఫ్యాను, కిటికీలోంచి చూస్తే కింద ఆవరణలో సాయంత్రం బయల్దేరాల్సిన లారీ. పొద్దున్నే లోడు ఎక్కి, సీలు వేసుకుని, తనకి ఇంతకంటే తొందరేమీ లేదన్నట్టు నిలబడి ఉంది. దాని డ్రైవరు కూడా అంతే. ఆయన్ని అందరూ నిదానం అంటారు. బండి నిదానం, నడక నిదానం, మాట మరీ నిదానం. కొత్త సీలు రేపటి నుంచి ఎలాగూ ఆయన బండికే వేలాడుతుంది కనుక అమ్మ ఆయన్ని కూడా పైకి రమ్మంది. ఆయన గోడవారగా ముక్కాలిపీట మీద కూర్చుని టీలో బిస్కెట్ ముంచుకుంటున్నాడు. తగ్గిన మూడు లోడులూ తోలింది ఈయనే అయినా, సీలు చెక్కుచెదరలేదు కనుక ఈయన మీద ఎవరికీ అనుమానం లేదు.

భూతద్దం అప్పటికే మంచి కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. ఒళ్లో నల్లటి తోలు బ్యాగు. దాని జిప్పు రెండు కొసలనీ కలిపి ఎర్రటి ప్లాస్టిక్ సీలు బిగించి ఉంది. అందరూ దాన్నే చూస్తున్నారని గమనించి ఆయన సంతోషపడ్డాడు. ఎవరి గోదాములో అడుగు పెట్టినా ముందు గేటు దగ్గరే తన బ్యాగుకి సీలు వేసుకుంటాననీ, తిరిగి ఇంటికెళ్లాకే తెంపుతాననీ, రేపు ఎవరైనా తన మీద ఓ మాట అనడానికి లేకుండా ఇదీ తన పద్ధతనీ చెప్పాడు. ఇలాంటి మనిషి మన వైపు ఒక్కడున్నా బాగుండేదని అమ్మ నిట్టూర్చింది. మావయ్య తల దించుకున్నాడు.

సీళ్లాయన బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పెళ్లివారికి నగలు చూపించినంత శ్రద్ధగా మూడు రకాలు పేర్చాడు. మొదటిది ఇప్పుడు వీళ్లు వాడుతున్నదే, నంబరు వేసిన ప్లాస్టిక్ పట్టీ. చేత్తో లాగితే తెగుతుంది. ఇది దొంగని ఆపదు, తలుపు తీశారని మాత్రం చెబుతుంది. రెండోది ఉక్కు తీగ. కత్తిరిస్తే కొసలు పీచులు పీచులుగా విచ్చుకుంటాయి, ఇక ఎవరి తరమూ కాదు మళ్లీ అతకడం. మూడోది వేలెడు లావు బోల్టు. తల మీదా అడుగునా ఒకే నంబరు చెక్కి ఉంటుంది, పొడవాటి చేతుల కట్టర్ ఉంటే తప్ప లొంగదు.

అమ్మకి బోల్టు మీద మనసు పడిపోయింది. సీళ్లాయన దాన్ని ఇనప గొలుసుకి బిగించి, కట్టర్ బుజ్జమ్మ చేతికిచ్చి తెంపమన్నాడు. ఆమె పళ్లు బిగబట్టి రెండు చేతులా నొక్కింది, కళ్లజోడు ముక్కు కొసకి జారింది గానీ బోల్టుకి గీత కూడా పడలేదు. అమ్మ నొక్కింది, అదీ అంతే. భూతద్దం మాత్రం తన చేతులు నొప్పని తప్పుకున్నాడు. చివరికి మావయ్య లేచి, ఒక్క ఊపులో తెంపేసి, తప్పు చేసినవాడిలా మళ్లీ కూర్చున్నాడు. ఇక దీనికి తిరుగులేదని అందరూ ఒప్పుకున్నారు. ఎన్ని కావాలో రాసుకోవడానికి సీళ్లాయన కలం తీశాడు.

అప్పుడు నిదానం బిస్కెట్ పూర్తి చేసి, చేతులు దులుపుకుని, బల్ల మీది కొత్త బోల్టు ఒకటి తీసుకున్నాడు. అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు, చేతిలో పెట్టుకుని బరువు చూశాడు.

"బాగానే ఉంది మావయ్యగారూ. కానీ ఇది కవర్లో పట్టదేమో. దీని స్పేర్ ఎక్కడ పెట్టుకోవాలి?"

ఫ్యాను నాలుగుసార్లు టిక్కుమంది. ఆ నాలుగు టిక్కులూ గదిలో అందరికీ వినిపించాయి. అందరి కళ్లూ నిదానం మీద ఉంటే, భూతద్దం ఒక్కడే చేతి గడియారం వంక చూసుకున్నాడు. బుజ్జమ్మ అది చూసింది గానీ అప్పటికి ఏమీ తట్టలేదు.

"స్పేరేంట్రా?" అంది అమ్మ తమ్ముడితో. ఆఫీసులో మేడమ్‌లా ఉండాలని ఆవిడ పెట్టుకున్న నియమం ఆ 'రా' దగ్గర గాల్లో కలిసిపోయింది.

మావయ్య దాచింది ఏమీ లేదు, ఎవరూ అడగలేదు కనుక చెప్పలేదంతే. పద్నాలుగేళ్ల కిందట నిదానం లారీకి వేసిన ప్లాస్టిక్ సీలు దారి కుదుపులకి విరిగిపోయింది. సీలు లేని బండిని అవతల గేటు లోపలికి రానివ్వలేదు. ఉత్తరాలూ ఫోనులూ అయ్యేసరికి రెండు రోజులు, ఆ రెండు రోజులూ వానలో, తిండీ తిప్పలూ లేకుండా ఆ మనిషి లారీలోనే ముడుచుకుని పడుకున్నాడు. వేలెడు ప్లాస్టిక్ ముక్క కోసం మనిషిని అలా మాడుస్తారా అని మావయ్యకి కడుపు తరుక్కుపోయింది. అప్పటి నుంచీ ప్రతి లోడుకీ ఇంకో సీలు గోధుమరంగు కవర్లో పెట్టి, డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాడు. కాగితంలో రెండు నంబర్లూ పక్కపక్కనే రాస్తాడు. అవసరం పడకపోతే కవరు ఎవరికి వీలైతే వాళ్లు తిరిగి ఇస్తారు, లేకపోతే లేదు.

ఇంత జరుగుతుంటే తనకి ఒక్క ముక్క చెప్పొద్దా అని అమ్మ నెత్తి కొట్టుకుంది. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు.

"ఇందులో చెప్పడానికి ఏముందక్కా? లారీకి స్పేర్ టైరు పెట్టానని ఎప్పుడైనా వచ్చి నీకు చెప్పానా?"

సీళ్లాయన కలానికి మూత పెట్టేశాడు. బోల్టుల్ని ఒక్కొక్కటిగా గుడ్డలో చుట్టుకుంటూ, తను ముప్పై ఏళ్లుగా సీళ్లు అమ్ముతున్నాననీ, తలుపుతో పాటు తలుపు తీసే వీలు కూడా కవర్లో పెట్టి పంపే గోదాముని ఇదే మొదటిసారి చూస్తున్నాననీ అన్నాడు. కోపంగా కాదు, మావయ్య మీద జాలిపడినట్టే అన్నాడు.

బుజ్జమ్మకి ముందు సిగ్గేసింది. మూడు నెలలుగా ప్రతి లోడు కాగితం మీదా ఆ రెండు నంబర్లూ ఆమె చూస్తూనే ఉంది. లారీకి తలుపులు రెండు కదా, ఎడమదానికి ఒకటి, కుడిదానికి ఒకటి కాబోలనుకుంది. ఒక్కసారి కిందికి దిగి చూస్తే సరిపోయేది, రెండు రెక్కలకీ కలిపి ఒకటే గడియ, ఒకటే సీలు. తరవాత ఇంకేదో తట్టింది. సిగ్గు సంగతి తరవాత చూసుకోవచ్చని గబగబా ఫైలు తెరిచింది.

సరుకు చేరాక అవతలివాళ్లు పంపే రసీదులో, దించేముందు తలుపు మీద ఏ నంబరు సీలు ఉందో రాస్తారు. ఆమె ఒక్కొక్క రసీదూ మావయ్య కాగితం పక్కన పెట్టి వేలితో చూసుకుంటూ పోయింది. మామూలు లోడులన్నిటికీ మొదటి నంబరు. పెట్టెలు తగ్గిన మూడిటికీ రెండో నంబరు. మళ్లీ ఒకసారి చూసింది. అంతే, మూడంటే మూడే.

"అమ్మా, ఈ మూడు లోడులకీ ఇక్కడ వేసిన సీలు వేరు, అక్కడ కనబడింది వేరు. తలుపు దారిలోనే తీశారు. మావయ్య నూట ఇరవై పెట్టెలూ ఎక్కించాడు."

అమ్మ రసీదులు తన వైపు లాక్కుని చూసింది, చాలాసేపు చూసింది. తరవాత తమ్ముడి వైపు తిరిగి, ఆయన భుజం మీద ఉన్న దుమ్ము దులిపింది. అక్కడ దుమ్మేమీ లేదు. మావయ్య కళ్లు తుడుచుకుని నవ్వేశాడు. కథ ఇక్కడ ఆపేసి అందరికీ ఇంకో కప్పు టీ పోయిద్దామని నాకూ ఉంది, కానీ భూతద్దం ఒప్పుకోవాలి కదా.

ఆయన జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. అమ్మ సంతకం కోసం తెచ్చిన కాగితం అది. అందులో 'గోదాము మనిషి' అని ఉన్న చోట ఒక గీత గీసి, పైన 'డ్రైవరు' అని రాశాడు. ఎంత తీరిగ్గా రాశాడంటే, తప్పు దిద్దిన మేష్టారికి కూడా అంత తీరిక ఉండదు. దారిలో తలుపు తీశారని మీరే అంటున్నారు, స్పేర్ సీలు డ్రైవరు దగ్గరే ఉందనీ మీరే అంటున్నారు, ఇక వెతకాల్సింది ఏముందని అడిగాడు. సంతకం చేస్తే ఇప్పుడే వెళ్లిపోతాననీ, కంపెనీ సరుకు మీ చేజారకుండా తను చూసుకుంటాననీ అన్నాడు.

మాటకి మాట అతికినట్టే ఉంది. అమ్మ నిదానం వంక చూసింది. ఆయన తన గురించే మాట్లాడుతున్నారని ఇంకా తెలియక, బోల్టు దాని అడుగు ముక్కలో ఎలా ఇరుక్కుంటుందో పరీక్షిస్తున్నాడు. నాలుగు లారీలు, వాటి మీద బతికే పదకొండు ఇళ్లు, సగానికి పైగా సరుకు. ఆవిడ కలం తీసుకుంది.

బల్ల మీద ఏదో గల్లుమంది. మావయ్య తాళాల గుత్తి.

"సంతకం పెట్టకక్కా. కవరు ఇచ్చింది నేను. ఆ మనిషి వానలో తడుస్తున్నాడని ఇచ్చాను, ఇవాళ అదే కవరుతో ఆయన మెడకి ఉరి వేస్తానా? పోవాల్సింది ఎవరో ఒకరైతే నేనే పోతాను. రాసింది కొట్టేసి మళ్లీ నా పేరే రాయమను."

ఐదు నిమిషాల కిందట దొంగ కాదని తేలి కళ్లు తుడుచుకున్న మనిషి, తన చేత్తో తనే మళ్లీ దొంగతనం నెత్తికెత్తుకుంటున్నాడు. బుజ్జమ్మకి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఆమె నేరుగా నిదానం దగ్గరికి వెళ్లి, ఆయన చేతిలో బోల్టు లాక్కుని, ఎదురుగా కింద కూర్చుంది. ఆ మూడుసార్లూ కవరు ఏం చేశావు తాతా అని అడిగింది. తలుపు తీశావా అని అడగలేదు, అంత మాట ఆమెకి నోటికి రాలేదు.

నిదానం ఆలోచించాడు. ఆయన ఆలోచనకి ఎంతసేపు పడుతుందో తెలుసు కనుక ఎవరూ కదల్లేదు.

"నేనేం చేస్తానమ్మా, ఇచ్చేశాను. అక్కడికి చేరేసరికి మర్నాడు సాయంత్రం అవుతుంది, సరుకు తెల్లారే దించుతారు, రాత్రంతా బండి వాళ్ల గేటు లోపలే ఉంటుంది. కవరు నీ దగ్గరుంటే పారేసుకుంటావు, ఫైల్లో పెడతానని అడిగారు. మూడుసార్లూ ఈ అయ్యగారికే ఇచ్చాను."

ఆయన చెయ్యి కూడా నిదానంగానే లేచింది. మంచి కుర్చీ వైపు లేచింది.

భూతద్దం ముఖంలో రంగు మారింది. ముసలాయనకి మతి సరిగ్గా లేదన్నాడు. తను జీవితంలో అలాంటి కవరు కళ్లతో చూడలేదన్నాడు. ఇలాంటి చోట ఒక్క క్షణం ఉండనని బ్యాగు చంకన పెట్టుకుని లేచాడు. సీళ్లాయన మాత్రం తలుపుకి అడ్డంగా ఉన్న తన కుర్చీలోంచి లేవలేదు.

నిదానానికి మాత్రం ఆ మాట నిజంగా బాధ కలిగించింది. ఆయన్ని నెమ్మదస్తుడని ఎంతైనా అనండి, మతిమరుపని మాత్రం అనకూడదు.

"చూడకపోవడమేంటండీ? ఇవాళ్టిది కూడా పొద్దున గేటు దగ్గర ఇచ్చాను కదా. ఎటూ మీరే ఇక్కడికి వచ్చారు, మళ్లీ అంత దూరం మోయడం దేనికని నేనే ఇచ్చేశాను. మీరు అటూ ఇటూ చూసి బ్యాగులో పెట్టుకుని, పైన ఆ ఎర్ర సీలు వేశారు."

అందరి చూపూ తోలు బ్యాగు మీదికి వెళ్లింది. బుజ్జమ్మ ఇవాళ్టి లోడు కాగితం తీసి, రెండో నంబరు పైకి చదివింది. ఒక్కొక్క అంకెనీ విడివిడిగా చదివింది. ఆ నంబరున్న సీలు ఈ గదిలో ఎక్కడుందో చూడ్డానికి ఒక్క జిప్పు లాగితే చాలు.

భూతద్దం బ్యాగుని రెండు చేతులా పట్టుకున్నాడు. ఇది కంపెనీ బ్యాగు అన్నాడు. దీని సీలు నంబరు తన పుస్తకంలో రాసి ఉంది, తెంపితే తను కంపెనీకి జవాబు చెప్పుకోవాలి, తెగిన సీలుతో తను ఇంటికి వెళ్లడమన్నది ఇంతవరకూ జరగలేదు, జరగదు.

మావయ్య కుర్చీలోంచి లేచాడు. తాళాల గుత్తి బల్ల మీదినుంచి తీసుకుని మళ్లీ నడుముకి తగిలించుకున్నాడు. పొద్దుటి నుంచీ నేలచూపులు చూసిన మనిషి మొదటిసారి భూతద్దం కళ్లలోకి చూస్తూ, ఎంతో మర్యాదగా అన్నాడు.

"దానికేముందండీ, తెంపుదాం. స్పేర్ మీ దగ్గరే ఉంది కదా."

బుజ్జమ్మ కట్టర్ అందించింది.